పేపరు సరే, సందేహం పెట్టండి మాస్టారూ!

మీ ఫేస్‌బుక్ స్నేహితుల్లోనూ ఒకరిద్దరు ప్రొఫెసర్లు ఉండే ఉంటారు. నాకైతే బోలెడు మంది. కాలేజీలో పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి, తప్పదు కదా. వాళ్ల పేజీల్లో ఏముంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఒక శాలువా, ఒక మెమెంటో, ఫ్లెక్సీ ముందు వరసగా నిలబడ్డ పెద్దమనుషులు. అప్పుడప్పుడు "అంతర్జాతీయ జర్నల్‌లో నా పరిశోధనా వ్యాసం ప్రచురితమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను" అని ఒక పోస్టు. దాని కింద వందల్లో అభినందనలు. కంగ్రాట్స్ సార్, హార్టీ కంగ్రాచ్యులేషన్స్ మేడమ్, జోడించిన చేతులు, పూలగుత్తులు. అంతమందిలో లింకు నొక్కి ఆ వ్యాసం తెరిచినవాళ్లు ఎందరంటారు? పాపం వాళ్లను అనడానికి లేదు లెండి. ఆ వ్యాసం దేని గురించో పోస్టులో ఉంటే కదా! జర్నలు పేరుంటుంది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉంటుంది, గైడు గారికి పాదాభివందనాలుంటాయి. కనిపెట్టిందేమిటో మాత్రం ఉండదు.

ఇక లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల సంగతి సరేసరి. పొద్దున్నే గులాబీలు, మధ్యాహ్నం డీఏ లెక్కలు, సాయంత్రం ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం లింకులు. 2020 లాక్‌డౌన్లో అయితే అదో తిరునాళ్లు. ఓజోను పొర దగ్గర్నుంచి అన్నమయ్య దాకా దేనిమీదైనా ఆన్‌లైన్ క్విజ్. పాసైతే ఈ-సర్టిఫికెట్టు, పాసవకపోతే మళ్లీ రాయొచ్చు, మళ్లీ పాసవకపోతే మళ్లీ. ఆ సర్టిఫికెట్లు ల్యామినేషన్ చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. అంటే, చేస్తున్నాననుకోండి, కానీ కాస్తే. ఎందుకంటే తన పని గురించి నలుగురికీ చెప్పుకోవాలన్న కోరికలో తప్పేం లేదు. యూనివర్సిటీల వాళ్లే ఆ మధ్య వర్క్‌షాపులు పెట్టి మరీ నేర్పారు: పేపరు అచ్చవగానే ట్విట్టర్లో పెట్టండి, లింక్డ్‌ఇన్‌లో పెట్టండి, సైటేషన్లు వాటంతటవే పెరుగుతాయి అని. పెరుగుతాయా? ఈ ప్రశ్న అడిగి ఊరుకోకుండా, నిజంగా కొలిచి చూసినవాళ్లున్నారు. వాళ్ల కథ చెప్తాను, వినండి.

ట్విట్టర్లో మామూలు శాస్త్రవేత్తల కన్నా చాలా ఎక్కువ మంది ఫాలోయర్లున్న జీవశాస్త్రవేత్తలు కొందరు ఒక ఒప్పందానికి వచ్చారు. ఒకే జర్నల్లో ఒకే నెలలో వచ్చిన ఐదు వ్యాసాలు తీసుకోవడం, చీటీ తీసినట్టు అందులోంచి ఒక్కదాన్ని ఎంచి దాని గురించి ట్వీట్ చేయడం, మిగతా నాలుగింటి జోలికి పోకపోవడం. ఇలా 11 జర్నళ్లలో, జర్నలుకు పది చొప్పున. మొత్తం 110 వ్యాసాలకు ప్రచారం, 440 వ్యాసాలకు మౌనం. మూడేళ్లు ఓపిక పట్టి లెక్క చూశారు. 2024లో ప్లాస్ వన్‌లో అచ్చయింది ఆ ఫలితం. ట్వీట్ చేసిన వెంటనే డౌన్‌లోడ్లు రెండున్నర రెట్లకు పైగా, కొన్ని చోట్ల దాదాపు నాలుగు రెట్లు పెరిగాయి. భేష్. మూడేళ్ల తర్వాత సైటేషన్లు? ఒక లెక్క ప్రకారం 7 శాతం ఎక్కువ, గూగుల్ స్కాలర్ ప్రకారం 12 శాతం. గణాంకశాస్త్రం ప్రకారం ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి చాలదు. అంతకుముందు గుండె, ఊపిరితిత్తుల సర్జన్లు చేసిన ఇలాంటి పరీక్షలో మాత్రం ట్వీట్ చేసిన వ్యాసాలకు ఏడాదిలోనే సైటేషన్లు బాగా ఎక్కువొచ్చాయి. కాబట్టి ఈ తగువు ఇంకా తెగలేదు. కానీ అంతమంది ఫాలోయర్లున్న మహానుభావులు డప్పు కొడితేనే ఫలితం అంతంతమాత్రమైతే, మన మూడొందల మంది ఫ్రెండ్స్‌కి, అందులో సగం మంది మేనమామలూ పిన్నత్తలూ అయినవాళ్లకి, డప్పు కొట్టి ఏం లాభమో మీరే చెప్పండి.

ఈ డప్పు ఎంత దూరం వినిపించిందో కొలవడానికి ఒక శాస్త్రమే పుట్టిందండోయ్. ఆల్ట్‌మెట్రిక్స్ అంటారు. ఆ మాటను 2010లో జేసన్ ప్రీమ్ అనే పరిశోధక విద్యార్థి ఒక ట్వీట్లోనే పుట్టించాడు. ఇప్పుడు చాలా జర్నళ్ల పేజీల్లో వ్యాసం పక్కనే నడుమ అంకె వేసి, చుట్టూ రంగురంగుల చట్రం కనిపిస్తుంది. అచ్చం చిల్లు గారెలా ఉంటుంది. ఎరుపుంటే వార్తాపత్రికల్లో వచ్చినట్టు, లేత నీలముంటే ట్విట్టర్లో తిరిగినట్టు. గారెలో అంకె ఎంత పెద్దదైతే వ్యాసం అంత గొప్పదని మాత్రం అనుకోకండి. పిల్లుల మీద, కాఫీ మీద, చాక్లెట్ మీద రాసినవాటికి అంకెలు ఎప్పుడూ పెద్దవే. తప్పులతడక పేపరుకు నలుగురూ తిట్టుకుంటూ షేర్ చేస్తే దానికీ పెద్ద అంకే వస్తుంది.

మరి ఈ సోషల్ మీడియాతో మాస్టార్లకు పనే లేదా అంటే, ఉంది, అదీ మామూలు పని కాదు. నా మటుకు నేను గమనించిందేమిటంటే, అయిపోయిన పనిని అక్కడ పెడితే చప్పట్లు వస్తాయి, పూర్తికాని పనిని పెడితే సాయం వస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదు అన్నారు కదా. మనవాళ్లు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు, మనకే అడగడం నామోషీ. పేరు ముందు డాక్టరు అని చేరాక "నాకిది అర్థం కావడం లేదండీ" అనడానికి నోరు రాదు.

అడగడంలో ఉన్న బలమేమిటో బెంగళూరు కథ ఒకటి చెప్తే తెలుస్తుంది. 2018 జులైలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి దేవ్ కుమార్ థాపా, అంశు పాండే అనే ఇద్దరు ఆర్కైవ్‌లో ఒక పేపరు పెట్టారు. (ఆర్కైవ్ అంటే జర్నల్లో అచ్చు కాకముందే పేపర్లు అందరికీ కనపడేట్టు పెట్టే చోటు. 1991 నుంచీ నడుస్తోంది.) బంగారంలో వెండి నానో కణాలు పొదిగితే ఆ పదార్థం 236 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు 37 డిగ్రీలు కింద, సూపర్‌కండక్టర్ అయిపోతోందని వాళ్ల మాట. కరెంటుకు రవ్వంత కూడా అడ్డు చెప్పని పదార్థాన్ని సూపర్‌కండక్టర్ అంటారు. మామూలు గాలి ఒత్తిడిలో అప్పటిదాకా తెలిసినవేవీ సున్నాకు 130 డిగ్రీలకు పైగా కిందికి పోతే గానీ ఆ పని చేయవు. అంటే ఇది నిజమైతే నోబెల్ బహుమతి ఇంటికి నడిచొచ్చినట్టే. ఫిజిక్సు లోకం ఒక్కసారి ఉలిక్కిపడింది.

అప్పట్లో అమెరికాలోని ఎంఐటీలో ఉన్న బ్రయన్ స్కిన్నర్ అనే కుర్ర శాస్త్రవేత్త ఆ పేపర్లో ఒక గ్రాఫును పెద్దది చేసి చూస్తున్నాడు. రకరకాల అయస్కాంత క్షేత్రాల్లో తీసిన కొలతలు, ఒక్కోదానికి ఒక్కో రంగు చుక్కలు. కొలత అన్నాక కాస్త అటూ ఇటూ వణుకుతుంది కదా, దాన్నే నాయిస్ అంటారు. ఆకుపచ్చ చుక్కలు అలాగే వణుకుతున్నాయి, నీలం చుక్కలూ వణుకుతున్నాయి. చిక్కేమిటంటే రెండూ ఒకేలా వణుకుతున్నాయి. ఆకుపచ్చ చుక్క ఎక్కడ కాస్త పైకి ఎగిరిందో నీలం చుక్కా సరిగ్గా అక్కడే అంతే ఎగిరింది. ఆకుపచ్చ వరసను కాస్త జరిపితే నీలం వరస మీద అతుక్కుపోతుంది. నాయిస్ అంటేనే యాదృచ్ఛికం. రెండు వేర్వేరు ప్రయోగాల్లో అదే నాయిస్ మళ్లీ రావడమంటే రెండుసార్లు పేకముక్కలు కలిపితే యాభై రెండూ అదే వరసలో రావడమన్నమాట.

స్కిన్నర్ చేసిన పని నాకు నచ్చింది. దొంగలు దొంగలు అని అరవలేదు. ఆగస్టులో ఒక చిన్న నోటు రాసి ఆర్కైవ్‌లో పెట్టి, ఆ బొమ్మను ట్విట్టర్లో పెట్టి, ఇదిగో ఇలా కనపడుతోంది, ఎందుకో తెలీదు అన్నాడు. అంతే. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సూపర్‌కండక్టర్ల మీద పనిచేసే ప్రతాప్ రాయచౌధురి ఫేస్‌బుక్‌లో చర్చకు దిగారు. అది నాయిసే కాకపోతే ఏమై ఉండొచ్చు అన్న వైపు నుంచి కూడా జనం ఆలోచించారు. ఈలోగా మధ్యలో పిడకల వేట, పేరున్న ఒక పెద్ద భౌతికశాస్త్రవేత్త పేరుతో రాయచౌధురికి దొంగ ఈమెయిలొకటి వచ్చింది. ఆ పెద్దాయనకే ఫోన్ చేసి అడిగితే నేను పంపలేదే అన్నారు. మన డిటెక్టివ్ నవలల్లో కూడా ఇన్ని మలుపులుండవు. 2019 మేలో మరింత మంది సహరచయితలతో, మరిన్ని కొలతలతో ఆ పేపరు మళ్లీ వచ్చింది గానీ, వేరే ప్రయోగశాల ఏదీ ఔను మేమూ చూశామని ముందుకు రాలేదు.

ఇదే తంతు ఐదేళ్లకు ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2023 జులైలో దక్షిణ కొరియా వాళ్లు ఎల్‌కే–99 అని సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిపిన పదార్థం చేసి, అది గది వేడిలోనే సూపర్‌కండక్టర్ అన్నారు. అయస్కాంతం మీద సగం తేలుతున్న నల్ల ముక్క వీడియో లోకమంతా తిరిగింది. కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరు దాన్ని వండుతూ లైవ్ పెట్టాడు, జనం కొలిమిని టీవీ సీరియల్ చూసినట్టు చూశారు. మన ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో వి.పి.ఎస్. అవానా బృందం కూడా అది చేసి చూసింది. మాకైతే సూపర్‌కండక్టివిటీ కనపడలేదు అని ఆయన ఫేస్‌బుక్‌లోనే చెప్పేశారు. రాలేదు అన్న ఫలితం జర్నల్లో అచ్చవడం గగనం, అచ్చయినా ఏడాది పడుతుంది. అది రోజుల్లో అందరికీ తెలియడం వల్ల ఎన్ని ప్రయోగశాలల్లో ఎంత సీసం మిగిలిందో! అసలు గుట్టు విప్పింది మాత్రం ఒక అంకె. కొరియా వాళ్ల కొలతలో 104.8 డిగ్రీల దగ్గర నిరోధం ఒక్కసారిగా పడిపోతోంది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు ప్రశాంత్ జైన్‌కు ఆ అంకె పాత చుట్టం. కాపర్ సల్ఫైడ్ సరిగ్గా 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుంటుంది. ఎల్‌కే–99 వండేటప్పుడు గంధకమూ రాగీ రెండూ ఉంటాయి కాబట్టి కాపర్ సల్ఫైడ్ మడ్డి మిగులుతుంది. నిరోధం పడిపోయింది దానివల్ల! ఆగస్టు నెల సగమయ్యేసరికి కథ కంచికి వెళ్లింది.

ఇవన్నీ పెద్దపెద్ద ప్రయోగశాలల ముచ్చట్లు, మా తెలుగు డిపార్టుమెంటుకో హిస్టరీ డిపార్టుమెంటుకో ఇదెందుకు అంటారేమో. నిజానికి మన దగ్గర సోషల్ మీడియాను అందరికన్నా బాగా వాడుకుంటున్నది శాసనాల వాళ్లేనని నా అభిప్రాయం. పొలం దున్నుతుంటే ఒక రాయి బయటపడుతుంది, చెరువు కట్ట మీద పొదలు కొట్టేస్తే ఒక స్తంభం కనపడుతుంది. ఆ ఊరి కుర్రాడెవరో సెల్‌ఫోన్లో ఫోటో తీసి చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఏదో ఒక గ్రూపులో వేస్తాడు. అక్కణ్ణుంచి అది మైసూరులో పురావస్తు సర్వే వారి శాసన విభాగం దాకా పోతుంది. ఏళ్ల తరబడి మన పేపర్లలో శాసనం వార్త వచ్చిందంటే చివర్న "శాసన విభాగం మునిరత్నం రెడ్డి గారు చదివి చెప్పారు" అన్న వాక్యం కనిపించేది, మీరూ చూసే ఉంటారు. ఒకప్పుడు ఉత్తరం రాసి, నకలు తీసేవాళ్లు వచ్చేదాకా ఎదురు చూస్తే సగం శాసనాలు బట్టలుతికే బండలైపోయేవి. ఇప్పుడు సాయంత్రం ఫోటో పెడితే రాత్రికి రాజు పేరు తెలిసిపోతున్న సందర్భాలున్నాయి.

కానీ ఇందులో చిన్నచిన్న మెళకువలున్నాయండీ, అవి తెలియక చాలామంది మంచి రాళ్లకు చెడ్డ ఫోటోలు పెడుతుంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే అక్షరాలు కనపడవు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తీయాలి, లేదా చీకటి పడ్డాక ఒక పక్కనుంచి టార్చి వేయాలి. అక్షరం గాడిలో నీడ నిలబడుతుంది. ఇంకొకటి, చాక్‌పీసు. అక్షరాలు స్పష్టంగా కనపడాలని కొందరు సుద్దముక్కతో దిద్దేస్తారు. అప్పుడు చూసేవాడికి కనపడేది చెక్కినవాడి రాత కాదు, దిద్దినవాడి ఊహ. అరసున్నా ఎక్కడుందో, దీర్ఘం ఉందో లేదో ఇక దేవుడికే తెలియాలి. దిద్దని ఫోటో ముందు తీయాలి, దిద్దకుండా ఉంటే ఇంకా మంచిది. మూడోది, వాట్సాప్ ఫోటోను నొక్కి నొక్కి చిన్నది చేస్తుంది, ఫోటోలో దాగిన తేదీ, చోటు వివరాలు కూడా తీసేస్తుంది. అందుకే ఫోటోగా పంపకుండా డాక్యుమెంటుగా పంపాలి. పక్కన ఒక స్కేలో, అదీ లేకపోతే అగ్గిపెట్టో పెడితే రాయి ఎంతుందో తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం అడిగే తీరు. "ఈ శాసనం ఎవరైనా చదవగలరా?" అని మసక ఫోటో ఒకటి పారేస్తే కింద "సూపర్ అన్నా", "మన చరిత్ర మన గర్వం" అనే కామెంట్లు తప్ప ఇంకేమీ రావు. అదే ఇలా పెట్టి చూడండి: "చెరువు కట్ట మీద నిలువు రాయి, నడుము ఎత్తు, మూడు వైపులా రాత ఉంది. రెండో వైపు నాలుగో వరసలో 'శకవర్షంబులు' దాకా చదివాను. తర్వాతి అంకెల్లో మూడోది ౨ కావచ్చు, ౩ కావచ్చు, అక్కడ రాయి పెచ్చు ఊడింది. సంవత్సరం పేరులో మొదటి అక్షరం 'వి' అని నా అనుమానం." అంతే, చూడండి తమాషా. పంచాంగం తెలిసినవాడొకడు దిగుతాడు. శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, ప్రభవ విభవల పేర్లు అరవయ్యేళ్లకోసారి గానీ తిరిగి రావు, కాబట్టి ౨ అయితే పేరు ఫలానా, ౩ అయితే ఇంకొకటి అని తేల్చేస్తాడు. తిథీ వారమూ కూడా ఉంటే ఇంకొకడు ఆ రోజు నిజంగా ఆ వారమేనా అని లెక్క కడతాడు. శాసనంలో ఉన్న పేరుగల ఊరు ఇప్పుడు లేదే అని మనం జుట్టు పీక్కుంటుంటే, ఆ పక్క మండలంలో పుట్టి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ చేసుకుంటున్నాయన "మా తాతగారి పొలం కాగితాల్లో ఆ పేరుంది" అంటాడు. ఈ ముగ్గురూ ఒక సెమినార్ హాల్లో కలిసే అవకాశం ఈ జన్మలో లేదు.

ఒక్క జాగ్రత్త. ఆ పోస్టులో ఊరి పేరు నేను కావాలనే రాయలేదు. రాయి సరిగ్గా ఎక్కడుందో బయటపెట్టారా, గుప్తనిధుల వాళ్లు గునపాలతో మనకన్నా ముందే అక్కడ వాలతారు. శాసనం ఉందంటే దాని కింద లంకెబిందెలున్నాయన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా చావలేదు. జిల్లా పేరు చాలు. మిగతాది పురావస్తు శాఖ వాళ్లకు విడిగా చెప్పాలి.

తొందర వల్ల వచ్చే చేటు కూడా చెప్పుకోవాలి కదా. 2020 జనవరి 31న ఢిల్లీ నుంచి ఒక బృందం కొత్త కరోనా వైరస్ ముళ్ల ప్రోటీన్లో హెచ్‌ఐవీని పోలిన ముక్కలున్నాయంటూ జీవశాస్త్రం వాళ్ల ఆర్కైవ్ అయిన బయోఆర్కైవ్‌లో ఒక ముసాయిదా పెట్టింది. అంత చిన్న ముక్కలు ఎన్నో జీవుల్లో కనపడతాయని లోకం నలుమూలల నుంచీ నిపుణులు గంటల్లోనే చూపించారు, రెండు మూడు రోజుల్లో రచయితలే దాన్ని వెనక్కి తీసుకున్నారు. పరిశోధన లోకంలో ఇది సజావుగా జరిగినట్టే లెక్క. వాట్సాప్ లోకంలో మాత్రం "వైరస్‌ను ల్యాబ్‌లో చేశారని మన సైంటిస్టులే తేల్చారు" అనే ముక్క ఆ తర్వాత చాలాకాలం తిరిగింది. పేపరును ఉపసంహరించుకోవచ్చు, ఫార్వర్డును ఉపసంహరించుకోలేం. ఆరోగ్యం, కులం, మతం లాంటి విషయాల్లో సగం ఉడికిన ఫలితాన్ని బయటపెట్టేముందు తెలిసిన నలుగురికి విడిగా చూపించుకోవడం మంచిదని నేనంటాను. సీసం ముక్క తేలుతుందో లేదో అందరిముందూ తేల్చుకుంటే కొంపలేం మునగవు.

దొంగ జర్నళ్ల గురించి రెండు ముక్కలు చాలు. "24 గంటల్లో పబ్లికేషన్, పీర్ రివ్యూతో సహా" అని గ్రూపులో మెసేజ్ వస్తే ఆ వాక్యంలోనే సమాధానం ఉంది. యూజీసీ వాళ్లు కేర్ జాబితా అని ఒకటి నడిపి, 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేశారు. ఇక మంచి జర్నలేదో చెడ్డ జర్నలేదో కాలేజీలే, మాస్టార్లే తేల్చుకోవాలి. అలాగే ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్లకు సర్వీసు రూల్సుంటాయి, ఆడవాళ్లు గట్టిగా ఒక మాటంటే వచ్చే బూతులుంటాయి. తెలియనివి కావు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

సోషల్ మీడియాలో పెట్టిందంతా శాశ్వతంగా ఉంటుందన్న భ్రమ ఒకటుంది చూశారూ, దాని మీద మాత్రం కాసేపు కూర్చుందాం. పదేళ్లకు పైగా ప్రపంచంలోని పరిశోధకులంతా ట్విట్టర్ను తమ సొంత కాఫీ హోటల్ అనుకున్నారు. 2022 అక్టోబర్లో ఎలాన్ మస్క్ కొన్నాడు. 2023లో ట్వీట్ల సమాచారాన్ని పరిశోధనకు ఉచితంగా ఇవ్వడం ఆపేశారు, అదే ఏడు జులైలో పేరే మారిపోయింది. కొందరు మాస్టడాన్‌కు, కొందరు బ్లూస్కైకి, కొందరు లింక్డ్‌ఇన్‌కు, మిగిలినవాళ్లు ఎక్కడికీ పోకుండా గొణుక్కుంటూ అక్కడే. పదేళ్ల చర్చలు, వాటికి ఇచ్చిన లింకులు, ఎవరెవరు ఏం చెప్పారో అంతా గల్లంతు కాకపోయినా వెతుక్కోవడం కష్టమైపోయింది. వాట్సాప్ గ్రూపులైతే మరీను. ఫోన్ మార్చినప్పుడల్లా ఒక గ్రంథాలయం తగలబడుతోంది. ఎంత మంచి చర్చ జరిగినా దాన్ని గూగుల్ చూడలేదు, రేపటి స్కాలరు చూడలేడు. కాబట్టి కబుర్లు ఎక్కడ చెప్పుకున్నా, సరుకు మాత్రం గట్టి చోట దాచుకోవాలి. జెనోడో అని ఐరోపాలో సెర్న్ వాళ్లు నడిపే భాండాగారం ఉంది, ఫోటోలు, కొలతలు, ముసాయిదాలు ఏవైనా ఉచితంగా పెట్టుకోవచ్చు, ప్రతిదానికీ మారని ఒక నంబరిస్తారు. ఆ నంబరే ఫేస్‌బుక్‌లో పెట్టండి. మన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ ఉండనే ఉంది. పేరు విషయంలో మన తెలుగువాళ్లకు ఇంకో తలనొప్పి, ఇంటిపేరు ముందా వెనకా, కె. శ్రీనివాసరావులు రాష్ట్రానికి ఎందరు? ఆర్కిడ్ అని పదహారంకెల గుర్తింపు ఒకటి ఇస్తారు, డబ్బులక్కర్లేదు. ఏ శ్రీనివాసరావు పేపరు ఆ శ్రీనివాసరావుకే చేరుతుంది.

సరే, అడగడం గురించి మొదలెట్టి అన్నిటికన్నా గొప్పగా అడిగినాయన్ని ఇంకా చెప్పనే లేదు. తిమోతి గవర్స్, అప్పట్లో కేంబ్రిడ్జిలో లెక్కల ప్రొఫెసరు, 1998లో ఫీల్డ్స్ పతకం వచ్చినాయన. అంతటివాడు 2009 జనవరి నెలాఖరున తన బ్లాగులో ఒక ప్రశ్న వేశాడు: బోలెడు మందిమి కలిసి, అందరికీ కనపడేట్టు, ఒక కష్టమైన లెక్కను చేయగలమా? లెక్క ఏమిటంటే, నోటుపుస్తకం వెనకాల మనం ఆడిన ఇంటూ-సున్నా ఆటను రెండు దిక్కులకు బదులు ఎన్నో దిక్కుల్లో పరిచి, ఏ గీతా పూర్తికాకుండా ఎన్ని గళ్లు నింపగలమన్న ప్రశ్నకు చుట్టం. దానికి ఒక రుజువు 1991లోనే వచ్చింది గానీ అది చాలా బరువైన సామగ్రితో చేసింది, ఈయనకు తేలికపాటిది కావాలి. పెట్టిన షరతు చూడండి: ఆలోచన పూర్తయ్యేదాకా ఆగొద్దు, తోచింది తోచినట్టు, వెర్రిదైనా సరే, చిన్న ముక్కగా రాయండి. మన సెమినార్లలో ఈ షరతు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

కామెంట్లకు తలుపు తెరిచాక ఏడు గంటలపాటు ఒక్కరూ పలకలేదు. తర్వాత కెనడా నుంచి ఒక గణిత ప్రొఫెసరు రాశాడు. పావుగంటకు ఆరిజోనాలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పే ఒక మాస్టారు రాశాడు. ఇంకో మూడు నిమిషాలకు టెరెన్స్ టావో రాశాడు, ఆయనా ఫీల్డ్స్ పతకధారే. చూశారా వరస! 37 రోజుల్లో 27 మంది కలిసి 800 దాకా కామెంట్లు, లక్షా డెబ్భై వేల మాటలకు పైగా రాశారు. లెక్క తెగింది. అనుకున్నదాని కన్నా పెద్ద లెక్కే తెగింది. ఆ రుజువు 2012లో యానల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో అచ్చయింది. లెక్కల్లో అంతకన్నా గొప్ప జర్నలు లేదు. రచయిత పేరు డి.హెచ్.జె. పాలీమాత్. అలాంటి మనిషెవరూ లేరు. డి.హెచ్.జె. ఇంటిపేరూ కాదు, ఆ సిద్ధాంతం పేరులోని పొడి అక్షరాలు. ఎవరేం చెప్పారో కావాలంటే ఆ కామెంట్లన్నీ తేదీ, టైముతో సహా అక్కడే ఉన్నాయి, పోయి చూసుకోవచ్చు.

ఈ కథ మా స్టాఫ్‌రూంలో చెప్తే అందరూ ఆహా ఓహో అన్నారు గానీ, మా ఫిజిక్స్ ఆయన మాత్రం కాస్త ఆలోచించి, ప్రమోషన్ ఫారంలో దీన్ని ఏ గడిలో రాయాలి అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇద్దరికి మించి రచయితలుంటే ముఖ్య రచయితకు 70 శాతం మార్కులు, తక్కినవాళ్లకు తలా 30 శాతం. రాసిన 27 మందినీ రచయితలుగా వేసుకుంటే ఒకరికి 70, ఇరవై ఆరుగురికి 30 చొప్పున 780, వెరసి ఒక్క పేపరుకు 850 శాతం. అంత లాభం వచ్చే పద్ధతిని మన కాలేజీలు ఇంకా ఎందుకు పట్టుకోలేదో నాకర్థం కాదు. ఒక్కటే అడ్డంకి, ఆ 70 ఎవరికో తేల్చడానికి ఇంకో వాట్సాప్ గ్రూపు పెట్టాలి.